తాత చేతి గెడియారం వెనక కథ

అలిపిరి కాడ పాదాల మండపం దగ్గిర టెంకాయ కొట్టి కొండ వైపు చూస్తే ఎవురికైనా వచ్చే అనుమానం ఒకటే: ఇంకా ఎంత ఎత్తు ఎక్కాల? మెట్లకైతే లెక్క ఉండాది, 3,550. ఎత్తును మాత్రం మోకాళ్ల నొప్పిని బట్టి చెప్పుకోవాల్సిందే.

ఎక్కిన ఎత్తును చూపించే చేతి గెడియారం 1962లోనే వచ్చిందంటే నమ్ముతారా? దాని పేరు బివువాక్. చేసింది స్విట్జర్లాండులోని ఫేవర్ లూబా కంపెనీ. మా తాత చేతికుండింది ఆ కంపెనీ గెడియారమే, కాకపోతే మామూలు రకం. మీ ఇండ్లల్లో పెద్దోళ్లను అడగండి, ఆ పేరు చెప్తానే మొగం వెలిగిపోతాది.

ఆ కంపెనీ మూలం 1737లో ఉండాది. లె లోక్ల్ అనే ఊర్లో అబ్రహం ఫేవర్ అనే ఆయనతో మొదలయింది. అప్పటికి మన సీమలోకి కుంపిణీ పాలన ఇంకా రానేలేదు. ఎనిమిది తరాలు ఆ కుటుంబమే నడిపింది. మన దేశానికి 19వ శతాబ్దంలోనే వచ్చేసినారు. హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలయింది 1961లో. దానికి ముందు వాచీ అంటే ఎక్కువగా బయటి దేశం సరుకే. సీ చీఫ్, సీ కింగ్ లాంటివి ఇక్కడ బాగా నడిచినాయి. హంగు లేదు, ఆర్భాటం లేదు. ఉక్కు డబ్బీ, చూస్తానే టైం తెలిసే ముఖం, పొద్దున్నే తిప్పాల్సిన కీ. వాళ్ల పనితనం అట్లాంటిది.

బివువాక్ కిటుకు చెప్తా వినండి. ఘాట్ రోడ్డులో బస్సు ఎక్కేటప్పుడు చెవులు మూసుకుపోతాయి కదా? పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతాది, అందుకని. ఆ గెడియారంలో గాలి తీసేసి మూసిన చిన్న రేకు డొల్ల ఒకటి ఉంటాది. బయట ఒత్తిడి తగ్గితే అది రవ్వంత ఉబ్బి ముల్లును కదిలిస్తాది. బ్యాటరీతో పనే లేదు.

1969లో జపాను సీకో కంపెనీ క్వార్ట్జ్ చేతి గెడియారం తెచ్చింది. చౌకైనాక, కీ తిప్పే గెడియారాలు చేసే స్విస్ కంపెనీలు చానా మూతబడినాయి. ఫేవర్ కుటుంబం కూడా 1980లలో కంపెనీని అమ్ముకునింది. చేతులు మారి మారి 2011లో అది ఎవురికి దక్కిందో తెలుసా? హోసూరు టైటాన్‌కి! టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ కలిసి 1984లో పెట్టిన కంపెనీ అది. హోసూరంటే మనకు పరాయి ఊరా? వీధి వీధికీ తెలుగే వినిపిస్తాది. 2002లో 3.5 మిల్లీమీటర్ల మందంతో ఎడ్జ్ అనే గెడియారం తెచ్చింది కూడా టైటానే. 2023లో ఫేవర్ లూబా ఇంకో మన దేశపు కంపెనీ ఇథోస్ చేతికి పోయింది.

ఈ కథంతా నాకు ఆలస్యంగా తెలిసింది. తాత పోయినాక గెడియారం ఆగిపోతే టౌన్లో ఒక అంగడిలో ఇచ్చి వారం వదిలేసినా. తళతళలాడే కొత్త ముఖంతో తిరిగొచ్చింది. ‘కొత్తదాన్లా ఉండాదే’ అని మురిసిపోయినా. రెండేండ్లకు తెలిసినాయన ఒకరు మూత తీసి చూసి నవ్వినాడు: ‘డబ్బీ మీ తాతదే నాయినా, లోపలి మిషను వేరేది.’ అడగడానికి పోతే అంగడే లేదు.

అందుకే చెప్తా ఉండా. ఇంట్లో పాత గెడియారం ఉంటే రిపేరుకిచ్చే ముందు మీ ముందరే మూత తీయించండి. మిషను మీద ఉండే పేరు, నంబరు ఫోనులో ఫోటో తీసుకోండి. ముఖం మాసిపోయినా మార్చొద్దనండి. ‘పాతది, అయిదొందలిస్తా’ అంటే ఆ రోజుకు ఇంటికి తెచ్చుకోండి. ఫుట్‌పాతు మీద రోలెక్స్ పేరుతో నకిలీ కొనే ముందు మీ తాత పెట్టెలో ఒకసారి చూడండి.

నా చేతికి ఇప్పుడు ఆ డబ్బీనే ఉండాది. టైం బాగానే చూపిస్తా ఉండాది. తాత తిప్పిన కీ మాత్రం అది గాదు.