మోటారుబండి నూనె కారినచో

ప్రెషరుకుక్కరు ప్రక్కలనుండి ఆవిరి విడిచినచో మనము కుక్కరును పారవేయము. పెళుసెక్కిన రబ్బరుకట్టును తీసి క్రొత్తదానిని పెట్టుదుము. మోటారుబండి విషయమున మాత్రము మనకు అట్టి ధైర్యము కలుగదు. అది మేస్త్రీల పనియని ఊరకుందుము. ఆ యూరకుండుటవలన మేమొకనాడు పడిన పాట్లు చెప్పి, పిదప తెలిసికొనిన సంగతి వివరించెదను.

మా యింట పాత మారుతి 800 బండి కలదు. మిరపకోతల కాలమున మా ఆడుబిడ్డకు రాత్రివేళ నొప్పులు రాగా ఒంగోలు ఆసుపత్రికి బయలుదేరితిమి. మేదరమెట్ల దాటగానే బండి దగ్గుచు, కుదుపుచు, తుదకు నిలిచిపోయెను. గుంటూరు యార్డులో టిక్కీలు దించి మఱలి వచ్చుచున్న లారీవారు దయతలచి మమ్ము చేర్చిరి గనుక తల్లియు బిడ్డయు క్షేమముగా నున్నారు. మఱునాడు మేస్త్రీ డిస్ట్రిబ్యూటరు మూత తెఱచి చూపగా, లోపలనంతయు నూనె. మూడు మాసములుగా బండి నిలుపుచోట నల్లని మరకను నేను నిత్యమును చూచుచునే యుంటిని!

ఈ డిస్ట్రిబ్యూటరు చేయు పని యేమన, బ్యాటరీలోని 12 వోల్టుల విద్యుత్తును కాయిలు వేల వోల్టులకు పెంచగా, దానిని ఒక్కొక్క ప్లగ్గునకు వరుసగా అందించుట. పంక్తిలో వరుస తప్పక వడ్డించు ఇల్లాలివంటి దన్నమాట. అమెరికాలో చార్లెస్ కెట్టరింగు 1910 ప్రాంతమున రూపొందించిన బ్యాటరీ పద్ధతినుండి ఇది వ్యాపించెను. క్రొత్త బండ్లలో ఇది లేదు. 1983లో వచ్చి 2014లో తయారు నిలిచిన మారుతి 800 యొక్క పాత కార్బురేటరు బండ్లలోను, అంబాసిడరులలోను ఇది కలదు. దీని కాడ ఇంజినులోనికి దిగియుండును గనుక, నూనె పైకి రాకుండ రబ్బరు రింగు అమర్చుదురు. మన గుంటూరు, ప్రకాశము సీమల యెండకు ఇంజిను వేడియు తోడై ఆ రబ్బరు త్వరగా బిగిసిపోవును.

నూనె కారుట రెండు విధములు. మూతలోపల నూనె చేరినచో లోని సీలో, కాడను పట్టియుంచు బుష్షో అరిగినదని యెఱుగవలెను. అది మేస్త్రీ పని. మా బండికి ఆనాడు వచ్చిన వ్యాధి యిదియే. మూత లోపల పొడిగానుండి, అడుగున మాత్రము తడియైనచో వెలుపలి రింగు పాడైనదన్నమాట. దీనిని ఇంటనే మార్చవచ్చును. అయితే ఇంజిను పైమూత గాస్కెట్టునుండి జారిన నూనెయు అక్కడికే చేరును. కావున మొదట అంతయు శుభ్రముగా తుడిచి, కొంతదూరము నడిపి, తడి ఎక్కడ మొదలగునో చూడవలెను.

రెండేండ్ల తరువాత మా బండికి ఈ రెండవ వ్యాధి వచ్చినపుడు నేనే పూనుకొంటిని. చల్లారిన యింజినుపై బ్యాటరీ నెగటివు తీగను విప్పితిని. తీగలను పెఱుకక, మూతను వానితోనే ప్రక్కకు తొలగించితిని. ముఖ్యమైన పని యిపుడున్నది. లోని రోటరు ఎటు చూచుచున్నదో, డిస్ట్రిబ్యూటరు ఏ కోణమున నిలిచియున్నదో గోళ్లరంగుతో గుర్తు పెట్టవలెను. సుద్దగీత నూనెకు చెరిగిపోవును. పిమ్మట వాక్యూము గొట్టమును, బిగింపు బోల్టును విప్పి, మెల్లగా త్రిప్పుచు పైకి లాగవలెను. పండ్లచక్రముతో తిరుగు రకమైనచో లాగునపుడు రోటరు కొంత తిరుగును. అది ఎచట ఆగినదో దానికిని గుర్తు పెట్టవలెను. బయటనున్నంతసేపు ఇంజినును త్రిప్పరాదు.

పాత రింగును గాడి గీసికొనిపోకుండ తీసి, పొడిగుడ్డతో తుడిచి, అదే కొలతగల క్రొత్త రింగునకు ఇంజిను నూనె పూసి ఎక్కించితిని. సైకిలు రబ్బరువంటివి పనికిరావు, నూనెకు ఉబ్బును. విడిభాగముల దుకాణమున నూనెకు తాళు రింగునే అడుగవలెను. గుర్తులు కలిపి బిగించి, ఇంజిను నడపగా తడి కానరాలేదు. అయినను టైమింగు సరిచూచుటకు మేస్త్రీయొద్దకు తీసికొనిపోతిని. కొలువని మందు మందు కాదు గదా!

ఒక హెచ్చరిక. ఇంజిను నడచునపుడు పైటకొంగును, జడను దగ్గరకు పోనీయరాదు. మూసిన కొట్టులో ఇంజిను నడుపరాదు. దాని పొగ ప్రాణాంతకము. పెట్రోలుతో తుడువరాదు.

అన్ని మరమ్మతులును మనమే చేయవలెనని నా యభిప్రాయము కాదు. ఏది మన చేతిపనియో, ఏది మేస్త్రీ పనియో తెలిసియుండిన చాలును. బండి క్రింద నల్లని మరక కనబడినచో దానిని కడిగి పైన ముగ్గు వేయవలదు. మూత తెఱచి చూడుడు.