ఒక గది, నాలుగు భాషలు, ఒక గ్రంథాలయం

పట్నాలో వకీలు ముహమ్మద్ బఖ్ష్ 1876లో కన్నుమూసేనాటికి ఆయన దగ్గర 1,400 రాతప్రతులు ఉన్నాయి. వాటిని జనానికి అందుబాటులోకి తెమ్మని కొడుకు ఖుదా బఖ్ష్‌కు అప్పగించి వెళ్లాడు. కొడుకూ వకీలే. ఆ సంపదను దాదాపు 4,000కు పెంచి, 1891లో గ్రంథాలయం తెరిచాడు. తర్వాత కొన్నేళ్లు హైదరాబాద్‌లో నిజాం హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగానూ పనిచేశాడు. 1969లో పార్లమెంటు చట్టం ఆ గ్రంథాలయానికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా ఇచ్చింది.

అంత పెద్దది అందరివల్లా కాదు. కానీ కడపలోనో, గుంటూరులోనో, నిజామాబాద్‌లోనో మసీదు పక్క గదిలో చిన్న ఇస్లామిక్ గ్రంథాలయం పెట్టుకోవచ్చు. డబ్బుకన్నా ముందు, అది ఎవరికోసమో తేల్చుకోవాలి.

మదరసా విద్యార్థికి అరబ్బీ తఫ్సీర్లు (ఖురాన్ వ్యాఖ్యానాలు), హదీసు (ప్రవక్త ప్రవచనాల) సంపుటాలు కావాలి. పెద్దవాళ్లకు ఉర్దూ కావాలి. తెలుగు మీడియంలో చదివి ఉర్దూ లిపి రాని ముస్లిం యువతకు, ఇస్లాం గురించి తెలుసుకోవాలనుకునే ఇరుగుపొరుగుకు తెలుగు, ఇంగ్లిష్ పుస్తకాలు ఉండాలి. చిలుకూరి నారాయణరావు చేసిన ఖురాన్ అనువాదం నుంచి ముస్లిం జీవితాల మీద వచ్చిన 'జల్‌జలా' కవితా సంకలనం, 'వతన్' కథల సంకలనం దాకా తెలుగులోనే ఒక అలమార నింపవచ్చు. సేకరణ మతగ్రంథాలతో ఆగిపోకూడదు. హైదరాబాద్‌లో 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ అచ్చువేసిన అరబ్బీ గ్రంథాల్లో అల్ బిరూనీ ఖగోళశాస్త్రమూ ఉంది.

కొనగలిగినవి ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనివి ఊళ్లోనే ఉంటాయి: దర్గా చరిత్ర చెప్పే కరపత్రాలు, మదరసా వార్షిక నివేదికలు, మొహర్రం మర్సియాలు (శోకగీతాలు) రాసుకున్న నోటుపుస్తకాలు, పీర్ల పండుగ పాటలు. అనంతపురం ప్రాంతంలోని గూగూడు పీర్ల పండుగ మీద అఫ్సర్ మహమ్మద్ రాసిన పరిశోధన గ్రంథం 2013లో వెలువడింది. పల్లె గొంతుల్లో ఉన్నదానికి పండిత లోకంలో ఎంత విలువుందో చెప్పడానికి అదొక్కటి చాలు.

ఇక అమరిక. గ్రంథాలయాలు పుస్తకాలను విషయాలవారీగా విభజించే డ్యూయీ పద్ధతిలో ఇస్లాం సంఖ్య 297. ఖురాన్‌కు 297.122, హదీసుకు 297.124, సూఫీ మార్గానికి 297.4, ప్రవక్త జీవితానికి 297.63. ఇస్లామిక్ న్యాయశాస్త్రం మాత్రం ఎక్కడో 340.59లో పడుతుంది. చిన్న గ్రంథాలయంలో ఈ న్యాయశాస్త్ర (ఫిఖహ్) పుస్తకాలను 297 పక్కనే ఉంచుకుంటే పాఠకుడికి తిరుగుడు తప్పుతుంది.

అసలు చిక్కు పేర్లతో. ముహమ్మద్, మహమ్మద్, మొహమ్మద్, మహ్మద్: ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. ఒక రూపాన్ని ఖాయం చేసి, మిగతావాటిని వెతికినా అక్కడికే చేరేలా కేటలాగు తయారుచేయాలి. అల్ గజాలీని 'అల్' కింద కాక 'గజాలీ' కింద చేర్చాలి. ఉచితంగా దొరికే 'కోహా' గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు, ఉర్దూ, అరబ్బీ లిపులు మూడూ ఎక్కుతాయి.

పాత పుస్తకాల మీద హిజ్రీ సంవత్సరమే ఉంటుంది. అందులోంచి దాని 33వ వంతు తీసేసి, 622 కలిపితే ఇంచుమించు క్రీస్తుశకం వస్తుంది. 1300 హిజ్రీ మొదలైంది 1882లో.

పాత రాతప్రతుల్లో 'యా కబీకజ్' అన్న మాట కనిపిస్తుంటుంది. పురుగులు పుస్తకం జోలికి రాకుండా చేసుకున్న వేడుకోలు అది. ఇప్పుడు ఆ పని మనుషులే చూసుకోవాలి. గది పొడిగా, గాలి ఆడేలా ఉండాలి. అలమార గోడకు ఆనకూడదు. చిరిగిన పుటకు సెల్లోటేపు వేయకూడదు, లామినేషన్ అసలే వద్దు. ఖురాన్ ప్రతులను పై అరలో ఉంచడం మర్యాద. శిథిలమైన ప్రతులకు విడిగా ఒక పెట్టె పెట్టి, తర్వాత వాటిని శుభ్రమైన చోట భూమిలో పూడ్చడం వంటి సంప్రదాయం పాటించాలి.

తాతల నాటి ఉర్దూ పుస్తకాలు చదివేవాళ్లు లేక చాలా ఇళ్లలో ట్రంకుపెట్టెల్లో మగ్గుతున్నాయి. వాటిని తూకానికి వేసేముందు, ఉర్దూ చదవగలిగిన ఒక్కరికైనా చూపించండి. మీ ఊరి గ్రంథాలయానికి తొలి అలమార ఆ పెట్టెలోనే ఉండవచ్చు.