సెయింట్ ఆండ్రూస్ రైలుమార్గం

సెయింట్ ఆండ్రూస్ రైలుమార్గం స్కాట్లాండులోని ఫైఫ్ ప్రాంతంలో లూకార్స్ నుండి సెయింట్ ఆండ్రూస్ పట్టణం వరకు 1852 నుండి 1969 వరకు నడచిన ఒక శాఖా రైలుమార్గం. దీని పొడవు 5 మైళ్ళ (8 కి.మీ.) లోపే. సెయింట్ ఆండ్రూస్ 15వ శతాబ్దంలో స్థాపించబడిన విశ్వవిద్యాలయానికి, గోల్ఫ్ క్రీడకు ప్రసిద్ధి చెందిన పట్టణం. ప్రధాన రైలుమార్గం ఈ పట్టణాన్ని తాకకుండా లూకార్స్ మీదుగా పోవడం వలన స్థానికులే ఒక కంపెనీగా ఏర్పడి ఈ మార్గాన్ని నిర్మింపజేశారు.

చరిత్ర

దీని ఇంజనీరు థామస్ బౌచ్. తక్కువ ఖర్చుతో రైలుమార్గాలు నిర్మించగలడని ఆయనకు పేరుండేది. చిన్న కంపెనీలకు కావలసినది అదే. అనంతర కాలంలో ఆయన నిర్మించిన టే నది వంతెన 1878లో ప్రారంభమైంది. దానితో డండీ నగరానికి రాకపోకలు సులభమయ్యాయి. అయితే 1879 డిసెంబరు 28న తుఫాను గాలికి ఆ వంతెన రైలుతో సహా నదిలో కూలిపోయింది. రైలులోని వారెవరూ బ్రతకలేదు. బౌచ్ మరుసటి సంవత్సరమే మరణించాడు. కొత్త వంతెన 1887లో తెరవబడింది.

ఈలోగా, 1877లో, ఈ మార్గం నార్త్ బ్రిటిష్ రైల్వేలో విలీనమైంది. మొదటి స్టేషను ఊరి వెలుపల, గోల్ఫ్ మైదానం ప్రక్కన ఉండేది. 1887లో ఆన్‌స్ట్రథర్ నుండి వచ్చే తీరప్రాంతపు మార్గం కలిసినప్పుడు ఊరికి దగ్గరగా కొత్త స్టేషను కట్టారు. పాత స్టేషను సరకుల యార్డుగా మిగిలింది.

మూసివేత

తీరప్రాంతపు మార్గం 1965లో మూతపడగా, లూకార్స్ శాఖ మొదట ఉన్నట్లే ఒంటరిగా మిగిలింది. 1966లో టే నదిపై రోడ్డు వంతెన తెరవడంతో డండీ ప్రయాణికులు చాలామంది రోడ్డు వైపు మళ్ళారు. అదే సంవత్సరం సరకు రవాణా ఆగిపోయింది. చిత్రమేమిటంటే, ఖాళీ అయిన సరకుల యార్డు స్థలంలో ప్రభుత్వ రైల్వేలకు చెందిన హోటళ్ళ విభాగమే 1968లో ఓల్డ్ కోర్స్ హోటలును ప్రారంభించింది. కొద్ది నెలలకే, 1969 జనవరిలో, ఆ ఊరికి రైళ్ళే ఆగిపోయాయి! ఓల్డ్ కోర్స్ మైదానంలో 17వ హోల్ వద్ద ఆటగాళ్ళు బంతిని కొన్ని షెడ్ల మీదుగా కొడతారు. అవి ఒకప్పటి రైల్వే షెడ్ల నమూనాలో తిరిగి కట్టినవి.

ప్రస్తుతం విద్యార్థులు, పర్యాటకులు లూకార్స్‌లో రైలు దిగి బస్సులోనో టాక్సీలోనో పట్టణం చేరుకుంటారు. రైలును పునరుద్ధరించాలని స్థానికులు చాలాకాలంగా కోరుతున్నారు. ఫైఫ్‌లోనే, 1969లోనే ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయిన లెవెన్ పట్టణానికి 2024లో మళ్ళీ రైలు వచ్చింది.