వ్యర్థ మెట్లు పుట్టును?

ధవళేశ్వరమువద్ద కాటనుదొరగారి ఆనకట్ట 1852వ సంవత్సరమున పూర్తియైన పిమ్మట మన డెల్టాకు కాలువలే జీవనాడులైనవి. పెనుగొండ ప్రాంతమున పొలమునకు నీరిచ్చునది కాలువయే. గ్రామములలోని మంచినీటి చెరువులను నింపునదియు కాలువయే. వేసవియందు మరమ్మతులకై కాలువలు కట్టివేసినప్పుడు విద్యార్థులు వంతెనపై నిలిచి అడుగునకు చూతురుగాక! ప్లాస్టిక్ సంచులు, సీసాలు, తెగిన చెప్పులు బురదలో గుట్టలుగా కనబడును. మనము పాఱవేసినది మనము త్రాగు నీటికే చేరుచున్నది. కావున వ్యర్థ మెట్లు పుట్టుచున్నదో విచారింతము.

పూర్వము మన పల్లెలలో చెత్త లేకుండెనా? ఉండెను గాని నిలిచి యుండలేదు. వరిగడ్డి పశువులకు మేతయయ్యెను. పేడయు, కసవును పెంటకుప్పకు చేరి, దుక్కికి ముందు బండ్లపై మరల పొలమునకు పోయెడివి. తవుడును చిట్టును పశువులకు, ఊక పొయ్యిలోనికి, ఆ బూడిద గిన్నెలు తోముటకు. కొబ్బరిపీచు త్రాడయ్యెను, చినిగిన చీర బొంతయయ్యెను. ఓటిబిందె కంచరివాని కొలిమి కెక్కి క్రొత్తబిందెయై వచ్చెను. ఇట్లు వస్తువు చక్రమువలె తిరుగుటనే నేటి శాస్త్రజ్ఞులు చక్రీయ ఆర్థిక విధాన మనుచున్నారు. అయితే ఊరి మురికి నెత్తిన వారిని ఊరు దూరముగా నుంచినది. ఆ చక్రమును మరల త్రిప్పుదము గాని, ఆ దోషమును మరల తెచ్చుకొనరాదు.

ఈ సంవత్సరము మేము తరగతిలో నొక చిన్న పరీక్ష చేసితిమి. ఒక సంచిలో చిత్తుకాగితములను, మధ్యాహ్న భోజనమున మిగిలిన అన్నము కూరలను కలిపి యుంచితిమి. వేఱొక సంచిలో పొడికాగితములు మాత్రమే యుంచితిమి. పాతసామానులు కొనువాడు వచ్చి, మొదటి సంచిని తాకనైన తాకక, రెండవదానిని తూచి రొక్క మిచ్చెను. కాగితము రెంటను ఒక్కటే. అన్నమును చెడ్డవస్తువు కాదు. వ్యర్థము వస్తువులో లేదు, వానిని కలుపుటలో నున్నదని బాలురును బాలికలును ఆనాడు గ్రహించిరి.

వేఱుచేసిన వస్తువు లెట్లు ఉపయోగపడునో చూడుడు. ఖనిజమునుండి అల్యూమినియము తీయుటకు పట్టు శక్తిలో ఇంచుమించు ఇరువదవ వంతుతోనే పాత గిన్నెను కరగించి క్రొత్తలోహము చేయవచ్చును. గాజు ఎన్ని మారులు కరగించినను గాజే. కాగితమునకు మాత్రము మితి గలదు. మరల మరల నానబెట్టి చేయగా దాని నారలు పొట్టివై బలము తగ్గును. ఇక కూరతొక్కలు, ఆకులు మట్టిలో సూక్ష్మజీవులకు ఆహారమై ఎరువగును. ఆల్బర్ట్ హోవర్డ్ పండితుడు 1924 మొదలు 1931 వఱకు ఇండోరునందు పనిచేయుచు, ఆకులలములు, పేడ, బూడిద పొరలుగా పేర్చి, తడుపుచు, తిరుగవేయుచు సుమారు మూడు నెలలలో ఎరువు చేయు పద్ధతిని కుదిర్చెను. గాలి చొరనిచ్చుటయే అందలి కీలకము.

ప్లాస్టిక్ మట్టిలో కలియదు. చిన్నచిన్న తునుకలై పోవునే గాని నశింపదు. కాల్చినచో విషవాయువులు పుట్టును. అందుచేతనే ఒక్కమారు వాడి పాఱవేయు ప్లాస్టిక్ గ్లాసులు, కంచములు మున్నగు వానిని 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధించిరి. కొనకుండుట మొదటి ధర్మము, మరల వాడుట రెండవది, కరగించుట చివరిది.

విద్యార్థులారా! మీ యింట రెండు బుట్టలుంచుడు. ఒకటి తడికి, ఒకటి పొడికి. బుట్ట మోయునది అమ్మయో అక్కయో కానక్కఱలేదు, మీరే మోయుడు. అంగడికి పోవునప్పుడు గుడ్డసంచి మఱువకుడు. వచ్చు వేసవిలో కాలువ కట్టివేసినప్పుడు మరల ఆ వంతెనపై నిలిచి చూతము. మన పాఠము మన కెంత వచ్చినదో ఆ కాలువ అడుగే చెప్పగలదు.