సుద్దముక్క విసిరేసి వెళ్లిపోయారు!

గంటలో ముగించాల్సిన ప్రసంగం అది. ఉత్సాహంలో సమయం దాటిపోయింది. అయినా కుర్రాడు ఆపలేదు. వింటున్నవాళ్లలో అసహనం. ఎట్టకేలకు ముగిసింది. వెంటనే ఓ పెద్దాయన తన అభిప్రాయం చెబుదామని లేచారు. ఈలోగా జనం ఒక్కొక్కరే జారుకోవడం మొదలైంది. అంతే... చేతిలోని సుద్దముక్క విసిరేసి, విసవిసా బయటికి నడిచారాయన.

కుర్రాడి గుండె ఆగినంత పనైంది. ఆయన మరెవరో కాదు... రష్యా గణిత దిగ్గజం కోల్మోగొరోవ్. తన థీసిస్‌ పరీక్షకుల్లో ఒకరు! ఇంకేముంది, పీహెచ్‌డీ పోయినట్టే అనుకున్నాడు.

1962లో కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలో జరిగిందీ సంఘటన. ఆ కుర్రాడు 22 ఏళ్ల శ్రీనివాస వరదన్‌.

నలుగురి బడి

చెన్నైలో డిగ్రీ చేసి 1959లో అక్కడికి వచ్చినప్పుడు వరదన్‌కు పరిశోధన ఆలోచనే లేదు. నాణ్యతా నియంత్రణ నేర్చుకుని పరిశ్రమలో ఉద్యోగం చూసుకోవాలనుకున్నారు. వరదరాజన్‌, రంగారావు, పార్థసారథిలతో స్నేహం ఆయన్ని గణితంవైపు లాగేసింది.

గణితంలో పీహెచ్‌డీ అంటే ప్రయోగశాల ఉండదు. పరికరాలుండవు. కాగితం, కలం, నల్లబల్ల... వాటితోపాటు నెలల తరబడి తెగని ఓ సమస్య. దాంతో ఒంటరిగా కుస్తీ పడితే ఎంతటివారికైనా నీరసం వస్తుంది. ఈ కుర్రాళ్లు అందుకో దారి కనిపెట్టారు. కావలసిన పాఠాలు చెప్పేవారు లేకపోతే తామే చదువుకుని ఒకరికొకరు చెప్పుకునేవారు. మార్గదర్శి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన మన సి.ఆర్‌.రావు. ఇష్టమైన దారిలో వెళ్లే స్వేచ్ఛ ఇచ్చారాయన. ఆ నలుగురికీ తర్వాత 'ఫేమస్‌ ఫోర్‌' అన్న పేరే స్థిరపడిపోయింది.

కోపం ఎవరి మీద?

ఆరోజూ వరదన్‌ ఒంటరి కాలేదు. అందరూ కలిసి కోల్మోగొరోవ్‌ వెంట పరుగెత్తారు. వరదన్‌ క్షమాపణ చెప్పారు. తన కోపం కుర్రాడి మీద కాదనీ, తాను మాట్లాడుతుంటే లేచి వెళ్లిపోయినవాళ్ల మీదనీ అన్నారాయన. హమ్మయ్య!

1963లో వరదన్‌ చేతికి డాక్టరేట్‌ వచ్చింది. అదే ఏడాది న్యూయార్క్‌ వెళ్లారు. సంభావ్యతా సిద్ధాంతంలో చేసిన కృషికి 2007లో ప్రతిష్ఠాత్మక ఏబెల్‌ బహుమతి అందుకున్నారు.

పరిశోధనకు వెళ్తానని ఇంట్లో పిల్లలు అంటే 'ఏ యూనివర్సిటీ, గైడెవరు' అని అడుగుతాం. 'తోడు ఎవరున్నారు' అనీ అడగాలేమో!