చెయ్యి రావాలంటే తలకు మిషను పెట్టించాలా?

పక్షవాతం తగ్గుతున్నప్పుడు చాలామందిలో కాలు ముందు వస్తుంది, చెయ్యి వెనకబడుతుంది. రెండు మూడు నెలలకు కర్ర పట్టుకుని నడుస్తారు గాని అన్నం ముద్ద నోటికి అందదు, చొక్కా గుండీ పెట్టుకోలేరు. అప్పుడు ఇంట్లోవాళ్ళు, "తలకు మిషను పెడితే చెయ్యి వస్తుందట కదండీ, అప్పు చేసైనా పెట్టిస్తాం" అంటుంటారు. అప్పు చేసే ముందు ఇది చదవండి.

ఈ మిషన్లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిదానిలో తీగచుట్టను తలకు ఆనించి అయస్కాంత శక్తిని పంపుతారు. అది పుర్రె దాటి మెదడులో కొద్దిపాటి విద్యుత్తును పుట్టిస్తుంది, వేళ్ళు అదురుతాయి. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం దీన్ని చేసి చూపింది. రెండవదానిలో ఉప్పునీటిలో తడిపిన స్పాంజీలు తలకు కట్టి, 1 లేక 2 మిల్లీ ఆంపియర్ల కరెంటు సుమారు 20 నిమిషాలు పంపుతారు. కోత లేదు, మత్తు లేదు. మానసిక జబ్బులకు ఇచ్చే షాకు ఇది కాదు, భయపడకండి.

మెదడులో ఎడమ సగం కుడి చేతిని, కుడి సగం ఎడమ చేతిని నడిపిస్తాయి. రెండు సగాలూ ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకుంటాయి. ఒకటి దెబ్బతింటే రెండవది దానిపై పెత్తనం చేస్తుందని నిపుణుల ఊహ. అందుకని బాగున్న వైపు సెకనుకు ఒకసారి చొప్పున అయస్కాంత తాకిడి ఇచ్చి దాని జోరు తగ్గిస్తారు.

ఊహ బాగానే ఉంది. అమెరికాలో పక్షవాతం వచ్చి 3 నుంచి 12 నెలలైన 199 మందిపై దీన్ని పరీక్షించి, 2018లో ఫలితాలు ప్రకటించారు. అందరిచేతా చేతి వ్యాయామం చేయించారు. కొందరికి నిజమైన మిషను, కొందరికి ఉత్తుత్తి మిషను పెట్టారు. రెండు గుంపుల్లోనూ ముగ్గురిలో ఇద్దరు బాగుపడ్డారు! అంటే మేలు చేసింది వ్యాయామమే అనుకోవాలి. అయితే తొలి నెలల్లో ఇస్తే ఉపయోగం ఉందని 2020లో ఐరోపా నిపుణులు రాశారు. కనుక పూర్తిగా కొట్టిపారేయలేము. వ్యాయామానికి తోడుగానే గాని, దానికి బదులుగా కాదు. మిషను కోసం ఎదురుచూస్తూ వ్యాయామం మానేస్తే ఆ నెలలు తిరిగి రావు.

రోగికి ఫిట్స్ వచ్చి ఉన్నా, తలలో లోహపు క్లిప్పు, చెవి లోపల అమర్చిన వినికిడి పరికరం, గుండెకు పేస్‌మేకర్ ఉన్నా ముందే డాక్టరుకు చెప్పాలి.

ఇంట్లో ఏం చేయాలి? ప్రేమకొద్దీ అన్నీ మీరే చేసిపెడితే ఆ చెయ్యి పని మరిచిపోతుంది. గ్లాసు పట్టించండి, శనగలు ఏరించండి, తువ్వాలు మడత పెట్టించండి. ఆలస్యమైతే కానివ్వండి. మణికట్టు, వేళ్ళు కొంచెం కదులుతుంటే మరో పద్ధతి ఉంది. బాగున్న చేతికి తొడుగు వేసి, రెండు వారాలపాటు బలహీనమైన చేతితోనే పనులు చేయిస్తారు. 222 మందిపై జరిపిన పరీక్షలో దీనివల్ల మేలు జరిగిందని 2006లో తేలింది. ఫిజియోథెరపిస్టును అడిగి మొదలుపెట్టండి, నడిచేటప్పుడు మాత్రం తొడుగు తీసేయండి.

లేవదీసేటప్పుడు బలహీనమైన చెయ్యి పట్టుకుని లాగవద్దు, భుజం కీలు జారుతుంది. నడుము దగ్గర పట్టుకుని లేపండి.