ఖరీదైన మందు కొనలేకపోతే ఏం చేయాలి?

“పూటకొకటి రాసిన్రమ్మా. నేను సగం ఇరిచి ఏస్కుంటున్న. ఇంకో నెల ఆగుతయని.”

ఓ.పి.లో బి.పి. చూసే సిస్టర్లకు ఇలాంటి మాట తరచు వినిపిస్తూనే ఉంటుంది. మందుల చీటీ చేతికి రాగానే చాలామంది ముందు చూసుకునేది జేబులో ఎంత ఉందోనని. డబ్బు సరిపోదని తెలిస్తే కొందరు సగం మందే కొంటారు. కొందరు రోజు విడిచి రోజు వేసుకుంటారు. మరికొందరు ఒంట్లో బాగానే ఉంది కదా అని మానేస్తారు. ఆ విషయం డాక్టరుగారికి చెప్పడానికి సిగ్గుపడతారు.

ఇది చాలా ప్రమాదం. బి.పి. మందు ఆగితే పక్షవాతం రావచ్చు. ఫిట్స్ మందు ఆగితే ఫిట్స్ తిరగబెట్టవచ్చు. మందు మీద ఆదా చేసిన కొన్ని వందలకు బదులు ఆసుపత్రి మంచం మీద వేలు ఖర్చవుతాయి. కాబట్టి మందు తగ్గించకుండా మందు ఖర్చు తగ్గించుకోవడం ఎలాగో తెలుసుకుందాం.

ఒకే మందుకు ఇన్ని ధరలెందుకు?

ప్రతి మందుకు రెండు పేర్లుంటాయి. ఒకటి మందు అసలు పేరు, దాన్నే జెనరిక్ పేరు అంటారు. రెండవది కంపెనీ పెట్టుకున్న పేరు. పారాసెటమాల్ అనేది అసలు పేరు. దాన్నే ఎన్నో కంపెనీలు ఎన్నో పేర్లతో అమ్ముతాయి. లోపలి మందు ఒకటే అయినా ధరలు వేరువేరుగా ఉంటాయి.

కొత్త మందు కనిపెట్టిన కంపెనీకి 20 సంవత్సరాల పాటు పేటెంటు హక్కు ఉంటుంది. ఆ కాలంలో ఇతరులు దాన్ని తయారుచేయకూడదు. పోటీ లేదు గనుక ధర ఎక్కువ. పేటెంటు ముగిశాక ఇతర కంపెనీలు తయారుచేస్తాయి, ధర దిగుతుంది.

మన పక్క ఊరి కథ

దీనికి మంచి ఉదాహరణ మన దగ్గరే ఉంది. శంషాబాద్ నుంచి బెంగళూరు రహదారి మీద దక్షిణంగా వెళితే కొత్తూరు వస్తుంది. అక్కడ ఫ్యాక్టరీ ఉన్న నాట్కో ఫార్మా హైదరాబాద్ కంపెనీ.

కాలేయ క్యాన్సర్‌కు, మూత్రపిండాల క్యాన్సర్‌కు వాడే సొరాఫెనిబ్ అనే మందును బేయర్ కంపెనీ నెక్సావర్ పేరుతో అమ్మేది. నెలకు 120 మాత్రలకు ధర 2,80,428 రూపాయలు. అంటే ఒక్క మాత్ర సుమారు 2,337 రూపాయలు! కూలినాలి చేసుకునేవారి సంగతి అటుంచి, ఉద్యోగస్థులు కూడా కొనలేని ధర.

మన పేటెంటు చట్టంలో 84వ సెక్షన్ ఉంది. పేటెంటు ఇచ్చి మూడేళ్ళు గడిచాక కూడా మందు ప్రజలకు అందుబాటు ధరలో లేకపోతే, దాన్ని తయారుచేయడానికి మరొకరు అనుమతి కోరవచ్చు. నాట్కో 2011లో అలా కోరింది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ అనుమతి ఇచ్చారు. మన దేశంలో ఇలాంటి మొదటి తప్పనిసరి లైసెన్సు అదే. 120 మాత్రలను 8,880 రూపాయలకు మించి అమ్మకూడదని, అమ్మకాల్లో 6 శాతం బేయర్‌కు రాయల్టీగా చెల్లించాలని షరతు పెట్టారు. తర్వాత 2013లో ఆ రాయల్టీని 7 శాతం చేశారు. ఒక్క మాత్ర 74 రూపాయలకు దిగింది. బేయర్ పోరాడింది గాని, 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ కంపెనీ వేసిన పిటిషన్‌ను కొట్టివేసింది. ఆ పేటెంటు కాలం కూడా 2020లో ముగిసింది.

మీరు కోర్టుకు వెళ్ళనవసరం లేదు. మీ చీటీ మీద కూడా ఇలాంటి తేడా ఉందేమో అడిగి తెలుసుకుంటే చాలు.

మీరు చేయగలిగినవి

1. డాక్టరుగారికి దాచకుండా చెప్పండి. “అయ్యా, ఇంత ధర భరించలేను, ఇదే మందు తక్కువ ధరలో ఉందా?” అని అడగడం తప్పు కాదు. ఆ జబ్బుకే వాడదగిన పాత మందు ఉండవచ్చు. చీటీలో అవసరం తీరిపోయిన విటమిన్లు, టానిక్కులు ఉంటే తీసివేయవచ్చు.

2. జెనరిక్ పేరు రాయమని అడగండి. చీటీ మీద ఒక కంపెనీ పేరు ఉంటే, షాపువారు తమంతట తాము వేరే కంపెనీ మందు మార్చి ఇవ్వడానికి నియమాలు ఒప్పుకోవు. అసలు పేరు ఉంటే మీకు ఎంచుకునే వీలు ఉంటుంది.

3. జన ఔషధి కేంద్రంలో చూడండి. కేంద్ర ప్రభుత్వం 2008లో ఈ పథకం ప్రారంభించింది. ఇక్కడ చాలా మందులు పేరున్న కంపెనీల ధరకంటే సగానికి, ఇంకా తక్కువకు దొరుకుతాయి. అన్ని మందులూ ఉండవు గనుక ముందుగా అడిగి వెళ్ళండి.

4. ప్రభుత్వ వైద్యం మరువకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, బస్తీ దవాఖానాల్లో బి.పి., షుగర్ మందులు ఉచితంగా ఇస్తారు. పెద్ద జబ్బులకు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో అడగండి. క్యాన్సర్ రోగులకు హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ ఆసుపత్రి ఉంది.

5. రాయితీ చూసి మోసపోకండి. అట్ట మీద ధర ఎక్కువ వేసి సగం తగ్గించి ఇచ్చినా, అది మరోచోట పూర్తి ధరకు దొరికే మందుకంటే ఖరీదే కావచ్చు. మాత్రకు ఎంత పడిందో లెక్క చూడండి. బిల్లు తప్పక తీసుకోండి.

జాగ్రత్తలు

మందు మార్చినప్పుడు అసలు పేరు, మిల్లీగ్రాములు, రకం మూడూ సరిపోవాలి. మెల్లగా కరిగే మాత్రలను విరవకూడదు. ఫిట్స్, థైరాయిడ్, రక్తం పలచబరిచే మందులు, అవయవ మార్పిడి తర్వాత వాడే మందులు డాక్టరుగారిని అడగకుండా వేరే కంపెనీకి మార్చవద్దు. ఇరుగుపొరుగువారికి మిగిలిన మాత్రలు తెచ్చుకుని వాడవద్దు. బిల్లు లేకుండా చవకగా ఇచ్చే మందు నకిలీ కావచ్చు.

ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు మీరు వాడుతున్న మందులన్నీ, ఖాళీ అట్టలతో సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. వాటికి నెలకు ఎంతవుతోందో కూడా చెప్పండి. సగం ఇరిచి వేసుకుంటున్నా సరే, ఆ మాట కూడా చెప్పండి. ఎవరూ కోప్పడరు. అది తెలిస్తేనే సరైన మందు మీ స్తోమతకు తగినట్టు రాయడం వీలవుతుంది.